బుడ్డశనగ రైతుకు ఆహార భద్రతా విధానం: మేలు ఎలా అందుతుంది, ఎక్కడ చేజారుతుంది

రబీలో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడి భూముల్లో బుడ్డశనగ (పప్పుశనగ) ముఖ్యమైన పంట. కె.సి. కాలువ కింద వరి పండుతుంది. పులివెందుల వైపు వేరుశనగ, చీనీ, అరటి ఎక్కువ. ఈ పంటల్లో చాలావాటి ధర మన యార్డులో మాత్రమే తేలదు. దేశ ప్రజలకు తిండి గింజలు ఎంత ధరకు అందాలని కేంద్రం తీసుకునే నిర్ణయం కూడా మన గింజ ధరను మారుస్తుంది. ఆ విధానం మన చేను దాకా ఎలా వస్తుందో, దాని ఫలితం అందాలంటే ఏయే పనులు ఎప్పుడు చేసుకోవాలో తెలుసుకుందాం.

విధానానికి రెండు వైపులు

1965లో భారత ఆహార సంస్థ, పంటల ధరలను సిఫారసు చేసే సంఘం ఏర్పడ్డాయి. వరి, గోధుమలో దేశం నిలదొక్కుకుంది కానీ పప్పుల్లో కొరత మిగిలింది. అందుకే 2007లో మొదలైన జాతీయ ఆహార భద్రతా మిషన్‌లో వరి, గోధుమతో పాటు పప్పుధాన్యాలనూ చేర్చారు. రాయితీ విత్తనం, ప్రదర్శన క్షేత్రాలు ఈ మిషన్ కింద వచ్చినవే. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రాధాన్య కుటుంబాల్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల తిండి గింజలు అందాలి.

ప్రభుత్వం ఒకవైపు పండించేవారికి గిట్టుబాటు కావాలంటుంది, మరోవైపు కొనేవారికి ధర పెరగకూడదంటుంది. ధర పడిపోతే మద్దతు ధరకు కొంటుంది. ధర బాగా పెరిగితే దిగుమతులకు దారి తెరుస్తుంది. శనగల ధర పెరిగినప్పుడు 2024 మే నెలలో దేశవాళీ శనగలపై దిగుమతి సుంకం తీసేశారు. 2025 ఏప్రిల్ 1 నుంచి 10 శాతం సుంకం పెట్టారు. శనగపిండికి బదులుగా వాడే పసుపు బఠాణీని 2023 డిసెంబరు నుంచి సుంకం లేకుండా రానిచ్చారు. 2025 నవంబరు 1 నుంచి దానిపై 30 శాతం సుంకం వేశారు.

ధర ఇంకా పెరుగుతుందని పంటంతా ఇంట్లోనే పెట్టుకున్న రైతు ఈ నిర్ణయాల మీద పందెం కాస్తున్నట్టే. పెద్ద వ్యాపారి ఆ నష్టాన్ని తట్టుకోగలడు. మూడెకరాల రైతు తట్టుకోవడం కష్టం.

మద్దతు ధర: పరిమితులు తెలుసుకోండి

2025-26 రబీ శనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.5,875. అంతకు ముందు రబీకి ఇది రూ.5,650. మన రాష్ట్రంలో నాఫెడ్ తరఫున మార్క్‌ఫెడ్ సేకరిస్తుంది. గుర్తుంచుకోవలసిన విషయాలు మూడు.

1. ధర మద్దతు పథకం కింద శనగను సాధారణంగా రాష్ట్ర ఉత్పత్తిలో 25 శాతం వరకే కొంటారు. అంటే పండిన ప్రతి గింజనూ కొనరు.
2. సేకరణ మొదలైన రోజు నుంచి 90 రోజులే గడువు.
3. పేరు నమోదైన రైతు నుంచే కొంటారు.

కందికి నియమం వేరు. 2025 అక్టోబరులో ప్రారంభమైన పప్పుధాన్యాల స్వయంసమృద్ధి మిషన్ కింద కంది, మినుము, మసూర్ పంటలను ముందుగా పేరు నమోదు చేసుకున్న రైతుల నుంచి నాలుగేళ్లపాటు పూర్తిగా కొంటామని కేంద్రం చెప్పింది. 2025-26 ఖరీఫ్ కందికి మద్దతు ధర రూ.8,000. పులివెందుల ప్రాంతంలో వేరుశనగ వేసేవారు 7 సాళ్లకు 1 సాలు చొప్పున కంది వేసుకుంటే వాన తగ్గిన ఏడాది కూడా చేతికి కొంత వస్తుంది.

ఈ-పంటలో పేరు లేకపోతే పంట లేనట్టే

మద్దతు ధరకు అమ్మాలన్నా, బీమా, నష్టపరిహారం రావాలన్నా ఈ-పంట నమోదే ఆధారం. విత్తిన వెంటనే రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడికి తెలియజేయండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట పేరు సరిగ్గా ఉన్నాయో లేదో మీరే చూసుకుని వేలిముద్ర వేయండి. వేరుశనగ, శనగ అని రెండు పేర్లు దగ్గరగా ఉండటం వల్ల తప్పు పడే వీలుంది. గ్రామంలో జాబితా ప్రదర్శించినప్పుడు మళ్లీ ఒకసారి చూసుకోండి. తప్పు ఉంటే అప్పుడే చెప్పాలి. గింజ యార్డుకు చేరాక దిద్దించుకోవడం చాలా కష్టం.

కౌలు (గుత్త) రైతులకు ప్రత్యేక సూచన

విధానం మేలు ఎక్కువగా చేజారేది ఇక్కడే. దున్నేది, విత్తేది, అప్పు తెచ్చేది గుత్త రైతు. పంట మాత్రం భూమి యజమాని పేరున నమోదైతే మద్దతు ధర డబ్బు, పరిహారం యజమాని ఖాతాకే వెళ్తాయి. గుత్త రైతు అదే గింజను కళ్లంలోనే తక్కువ ధరకు అమ్ముకోవలసి వస్తుంది.

2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలల ఒప్పందం మీద కౌలు రైతుకు హక్కు పత్రం ఇస్తారు. దీనికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని చాలామంది భయపడుతున్నారు. ఆ భయం అక్కర్లేదు. ఈ పత్రం పంట మీద హక్కునే ఇస్తుంది, భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. యజమానులు కూడా ఈ విషయం గమనించాలి. గుత్త మాట్లాడుకునే రోజునే గ్రామ రెవెన్యూ అధికారి దగ్గర పత్రం పని పూర్తి చేసుకోండి. విత్తనం పడ్డాక అడిగితే మాట మారే వీలుంది.

సేకరణ కేంద్రానికి వెళ్లే ముందు

- గింజలో తేమ 14 శాతం మించకూడదు. పంట నూర్చాక ఎండలో బాగా ఆరబెట్టండి. నిల్వ ఉంచదలిస్తే తేమ 9, 10 శాతానికి తగ్గాలి.
- మట్టి, రాళ్లు, పొట్టు, పుచ్చు గింజలు లేకుండా జల్లెడ పట్టండి. తిప్పి పంపితే రెండోసారి బాడుగ మీ మీదే పడుతుంది.
- బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమై ఉందో లేదో కోతకు ముందే చూసుకోండి.
- తూకం రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు.

విత్తనం విషయంలో

ఒకప్పుడు ఉత్తరాది చలి ప్రాంతాల పంటగా పేరున్న శనగ మన నేలల్లో ఇంతగా విస్తరించడానికి త్వరగా కోతకొచ్చే రకాలే ముఖ్య కారణం. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి రూపొందించిన జేజీ-11 రకం 1999లో విడుదలైంది. నంద్యాల పరిశోధన స్థానం రకాల్లో ఎన్‌బీఈజీ-47 ఎత్తుగా పెరిగి యంత్రంతో కోతకు అనువుగా ఉంటుంది. కూలీలు దొరకని గ్రామాల్లో ఇది మేలు.

శనగలో పరపరాగ సంపర్కం దాదాపు ఉండదు. కాబట్టి మంచి విత్తనం ఒకసారి తెచ్చుకుంటే కల్తీలు ఏరివేసి రెండు, మూడేళ్లు సొంత విత్తనం వాడుకోవచ్చు. విత్తే ముందు కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టిస్తే ఎండు తెగులు తగ్గుతుంది.

అమ్మకాన్ని విడగొట్టుకోండి

అప్పు తీర్చడానికి కావలసినంత మొదట అమ్మండి. మద్దతు ధర కేంద్రం తెరిస్తే మీకు అనుమతించినంత అక్కడ ఇవ్వండి. మిగిలింది గుర్తింపు పొందిన గిడ్డంగిలో పెట్టి రసీదు మీద రుణం తీసుకోవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న సన్న, చిన్నకారు రైతులకు ఈ రుణంపై కోత తర్వాత ఆరు నెలల వరకు పంట రుణం వడ్డీయే వర్తిస్తుంది. వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని అతను చెప్పిన ధరకే గింజ ఇచ్చే అవసరం దీనితో తప్పుతుంది.

మీ ఇంటి ఆహార భద్రత

చౌక దుకాణంలో వచ్చే బియ్యం కడుపు నింపుతాయి. పిల్లల ఎదుగుదలకు కావలసిన మాంసకృత్తులు మాత్రం వాటితో చాలినంత రావు. శనగ పండించిన ఇంట్లోనే పప్పు అంగడిలో కొనుక్కోవడం చాలా ఊళ్లలో చూస్తున్నాం. మొత్తం అమ్మే ముందు ఏడాదికి సరిపడా శనగలు, కందులు తీసి పక్కన పెట్టండి. వీలైతే అర ఎకరాలో కొర్ర గాని జొన్న గాని వేసుకోండి. వీటికి నీరు తక్కువ చాలు, చొప్ప పశువులకు మేతవుతుంది.

చివరిగా ఒక మాట. దిగుమతి సుంకం మన చేతిలో లేదు, వాన మన చేతిలో లేదు. విత్తిన వారంలో పేరు నమోదు, గుత్త పత్రం, గింజ తేమ, తూకం రసీదు మన చేతిలో ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ప్రకటించిన ధర మీకు కాగితం మీదే మిగులుతుంది. అనుమానం ఉంటే గడువు ముగియక ముందే మీ రైతు సేవా కేంద్రానికి వెళ్లి అడగండి.