రోడ్డు పెరిగిన రద్దీ తగ్గదేల?

అచ్చంపేటకు రైలుమార్గము లేదు. హైదరాబాదు పోవలెనన్న శ్రీశైలము రోడ్డే దిక్కు. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. బస్సును నమ్ముకొన్నవానికి, అది ఆగుచోటు నడకదూరములో ఉండవలెను.

అమెరికాలో కథ వేరు. అచ్చట శివారు పేటలు ముందే పుట్టినను, 41,000 మైళ్ల మహామార్గములకు అనుమతించిన 1956 నాటి చట్టము వానిని మరింత దూరము లాగుకొనిపోయెను. ఇండ్లు చెదరినచోట బస్సు నిండదు. బస్సు తగ్గినకొలది కారు తప్పనిసరి యగును. రోడ్డు వెడల్పు చేసినచో దూరమునకు జంకనివారు మరికొందరు కార్లతో వచ్చి దానిని నింపుదురు!

శ్రీశైలము రోడ్డు నేడు తుక్కుగూడ వద్ద హైదరాబాదు చుట్టునున్న 158 కిలోమీటర్ల వలయ రహదారిని దాటును. అచ్చటి కొత్త ఇండ్లనుండి బస్సు ఆగుచోటికి ఎన్ని అడుగులో విద్యార్థులు లెక్కపెట్టి చూడవచ్చును.