మందు ఒక అరలో, జబ్బు ఇంకో అరలో

రోగి నాడి పట్టకుండా, ప్రయోగశాలలో అడుగుపెట్టకుండా ఒక లైబ్రరీ ప్రొఫెసరు 1986లో ఒక జబ్బుకి మందు సూచించాడు. కొత్తగా ఏదీ తయారుచెయ్యలేదు. అప్పటికే అచ్చయి ఉన్న వ్యాసాలు చదివాడు, అంతే. ఈ ముక్క కంటపడ్డ దగ్గర్నుంచి నాకు ఒకటే అనిపిస్తోంది: కోవిడ్ రోజుల్లో పాత మందుల కోసం ఆన్‌లైన్‌లో వెలిసిన డేటాబేసులన్నిటికీ పుట్టిల్లు ఆ లైబ్రరీయే.

ఆయన పేరు డాన్ స్వాన్సన్. చదివింది భౌతికశాస్త్రం, షికాగో విశ్వవిద్యాలయంలో చెప్పింది గ్రంథాలయ శాస్త్రం. రేనాడ్స్ అని ఒక జబ్బుంది. చలి తగిలితే చాలు, వేళ్లు తెల్లగా పాలిపోయి తిమ్మిరెక్కుతాయి. ఈ రోగుల్లో రక్తం చిక్కగా ఉంటుందనీ, ప్లేట్‌లెట్లు తొందరగా గుమిగూడతాయనీ, రక్తనాళాలు అతిగా ముడుచుకుంటాయనీ కొందరు రాసిపెట్టారు. చేపనూనె సరిగ్గా ఈ మూడింటినీ తగ్గిస్తుందని వేరే కొందరు రాసిపెట్టారు. వీళ్ల రాతలు వాళ్లు చూడలేదు, వాళ్ల రాతలు వీళ్లు చూడలేదు. స్వాన్సన్ రెండు గుట్టలూ పక్కపక్కన పెట్టుకుని పెళ్లిళ్ల పేరయ్య పని చేశాడు: అబ్బాయి ఇక్కడున్నాడు, అమ్మాయి అక్కడుంది, ఒకసారి చూసుకోండి అన్నాడు. 1989లో వచ్చిన ఒక చిన్న ప్రయోగంలో, వేరే జబ్బేదీ లేకుండా రేనాడ్స్ మాత్రమే ఉన్నవాళ్లకి చేపనూనె మేలు చేసింది. వేరే జబ్బు వెంట వచ్చిన రేనాడ్స్‌కి చెయ్యలేదు.

ఆయన అక్కడితో ఆగలేదు. 1988లో పార్శ్వపు నొప్పికీ మెగ్నీషియానికీ మధ్య ఎవరూ పట్టించుకోని 11 లింకులు చూపించాడు. తర్వాత నీల్ స్మాల్‌హైజర్‌తో కలిసి ఈ వెతుకులాటకి యారోస్మిత్ అనే ప్రోగ్రాం తయారుచేశాడు. ఆయన ముడిసరుకు మెడ్‌లైన్ అనే వైద్య వ్యాసాల సూచిక. దాని మూలం 1879లో జాన్ షా బిల్లింగ్స్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు మొదలుపెట్టిన అచ్చు జాబితా. అది 1971లో కంప్యూటర్ తీగల మీదికెక్కింది. 1997లో పబ్‌మెడ్ పేరుతో ఎవరైనా ఉచితంగా వెతుక్కునే వీలొచ్చింది. నన్నడిగితే, మహమ్మారి మందుల కథలో అసలు మలుపు ఆ ఉచితమే.

అంతకుముందు కొన్ని వందల ఏళ్ల కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వైద్యుడి జ్ఞాపకమే డేటాబేసు, శిష్యుడే దాని బ్యాకప్పు. ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలావరకు అదృష్టమే నడిపించింది. 1964లో జెరూసలేంలో జేకబ్ షెస్కిన్ అనే వైద్యుడు, నొప్పితో నిద్రపట్టని కుష్ఠురోగికి నిద్రమాత్రగా థాలిడమైడ్ ఇచ్చాడు. గర్భంలోని పిల్లల్ని అవిటివాళ్లని చేసిందని 1961లో మార్కెట్ నుంచి తీసేసిన మందు అది. రోగికి నిద్రా పట్టింది, పుండ్లూ తగ్గుముఖం పట్టాయి. క్యాన్సర్ కోసం 1964లో తయారై పనికిరాదని మూలనపడ్డ ఏజెడ్‌టీ, 1987లో ఎయిడ్స్‌కి మొట్టమొదటి మందుగా తిరిగొచ్చింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన మెథోట్రెక్సేట్ మొదట లుకేమియా మందు. ఇవాళ తక్కువ మోతాదులో కీళ్లవాతానికి డాక్టర్లు ముందుగా రాసే మందుల్లో అదొకటి.

ఆ తర్వాత డేటాబేసులు వరసకట్టాయి. 2006లో కెనడాలోని ఆల్బర్టాలో డ్రగ్‌బ్యాంక్, 2009లో ఇంగ్లండులోని హింక్స్‌టన్‌లో కెంబుల్, 2017లో బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పాత మందుల భండారం. 2019 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఆరోగ్య సంస్థలు కలిసి క్యూర్ ఐడీ అనే యాప్ తెచ్చాయి. లొంగని జబ్బుల మీద ఏ పాత మందు వాడితే ఏమైందో డాక్టర్లు అందులో రాసి పంచుకోవచ్చు. వూహాన్‌లో వింత న్యుమోనియా మొదలైన నెల కూడా అదే.

2020 ఫిబ్రవరి మొదటి వారంలో లాన్సెట్‌లో చిన్న ఉత్తరం ఒకటి వచ్చింది. వైరస్ కణంలోకి దూరడానికి సాయపడే ఏఏకే1 అనే ఎంజైమును ఆపే మందులేవని లండన్‌లోని బెనవలెంట్ ఏఐ పరిశోధకులు తమ సమాచార జాలంలో వెతికారు. 378 పదార్థాలు దొరికాయి. వాటిలో వాడకానికి అనుమతి ఉన్నవి 47, గట్టిగా పట్టుకునేవి 6. దుష్ప్రభావాలు చూసి కొన్నిటిని పక్కనపెట్టాక బారిసిటినిబ్ ముందుకొచ్చింది. అది మెథోట్రెక్సేట్‌కి లొంగని కీళ్లవాతానికి ఇచ్చే మాత్ర. స్వాన్సన్ కళ్లతో చేసిన పనే యంత్రం చేసింది. 2022లో బ్రిటన్ రికవరీ ప్రయోగం ఆ మందు ఆస్పత్రిలో చేరిన రోగుల మరణాల్ని దాదాపు 13 శాతం తగ్గించిందని తేల్చింది.

పెన్సిల్వేనియాలో డేవిడ్ ఫైగెన్‌బామ్ అనే డాక్టరుది ఇంకో దారి. కాసిల్‌మన్ అనే అరుదైన జబ్బు ఆయన్ని పలుమార్లు చావు అంచుదాకా తీసుకెళ్లింది. చివరికి కిడ్నీ మార్పిడి రోగులకిచ్చే సిరోలిమస్ తనమీద తనే ప్రయత్నించి బతికిన మనిషి. 2020 మార్చిలో తన బృందంతో కరోనా అనే పేరుతోనే డేటాబేసు మొదలుపెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ ఏ మందు ఎంతమందికి వాడారో వ్యాసాల్లోంచి ఏరి అందరికీ తెరిచిపెట్టాడు. మొదటి విడతలోనే 9,152 మంది రోగుల వివరాలు పోగయ్యాయి.

తెరవని డేటాబేసు ఏం చేస్తుందో కూడా అప్పుడే చూశాం. 671 ఆస్పత్రుల సమాచారమంటూ సర్జిస్ఫియర్ అనే సంస్థ అంకెలతో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద మే 22న లాన్సెట్‌లో వ్యాసం వచ్చింది. అసలు రికార్డులు చూపించమంటే చూపించలేదు. జూన్ 4న వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈలోగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు మీద ప్రయోగాన్ని కొన్నాళ్లు ఆపేసింది. మన దగ్గరా ఈ మూత అలవాటు లేకపోలేదు. మెదడు కణితుల చికిత్స కోసం పరీక్షించిన 2-డీజీని డీఆర్‌డీవో, హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కోవిడ్‌కి తెచ్చాయి. 2021 మేలో అనుమతి వార్త వచ్చేనాటికి ప్రయోగాల పూర్తి వివరాలు ప్రచురించలేదు.

తెరిచిపెట్టినంత మాత్రాన సరిపోదనీ తేలింది. గాజు పళ్లెంలోని కణాల మీద వైరస్‌ని ఆపిన మందుల్లో చాలావాటి గుట్టు 2021లో సైన్స్ పత్రిక బయటపెట్టింది. అవి కణాల్లో కొవ్వు పేరుకునేలా చేసి వైరస్ పెరుగుదలని చెడగొడుతున్నాయి. మనిషి ఒంట్లో ఆ మేలు ఆశించలేం. 2020 జూన్‌లో వెంటిలేటర్ రోగుల మరణాల్ని మూడో వంతు తగ్గించిందని తేలిన డెక్సామెథసోన్ 1950లనాటి చవక స్టెరాయిడ్. దాని మీద తీర్పు చెప్పింది డేటాబేసు కాదు, లాటరీ పద్ధతిలో వేలమంది రోగుల్ని విడదీసి చూసిన ప్రయోగం. జాబితా సంబంధం చూపిస్తుంది, కాపురం ప్రయోగమే తేలుస్తుంది.

నా ఫిర్యాదల్లా తర్వాత జరిగినదాని మీద. కోవిడ్ వ్యాసాల్ని యంత్రాలు చదివేలా పోగేసిన కోర్డ్-19 భండారం 2022 జూన్‌తో ఆగిపోయింది. ఫైగెన్‌బామ్ మాత్రం 2022లో ఎవ్రీ క్యూర్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టి, ఉన్న మందులన్నిటినీ ఉన్న జబ్బులన్నిటితో జతకట్టి చూసే పనిలో పడ్డాడు. పేటెంటు తీరిన చవక మందు కోసం ఏ కంపెనీ ప్రయోగాలకి డబ్బు పెట్టదు. పనిచెయ్యలేదని నిజాయితీగా రాసినవాడికి పత్రికల్లో చోటూ దొరకదు. ఈ రెండు పనులకీ ప్రజల డబ్బే జీతమివ్వాలి, అదీ మహమ్మారి లేని ఏళ్లలో. తీరా వైరస్ వచ్చాక జాబితా మొదలుపెడితే మొదటి అల రోగులకి అది అందదు.