మల్లీశ్వరి వెన్ను, మా పిల్ల మోకాలు

పోయిన దసరాకి ఊరెళ్ళాను. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి. బెంగుళూరులో ఎవరైనా అడిగితే "పలాస తెలుసా? జీడిపప్పు? అక్కడి నుంచి ఇంకా ముందుకి, ఒరిస్సా వచ్చేసిందేమో అనుకునే చోట" అని చెప్తుంటాను. కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్యానం అన్న మాటే నోళ్ళలో నలిగి ఉద్దానం అయిందంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ ఉద్యానాన్ని సగం పడగొట్టి పోయింది, అది వేరే కథ.

ఇంట్లో అడుగుపెట్టేసరికి మా అక్క కూతురు అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. మోకాలికి క్రేప్ బ్యాండేజీ. దానికి పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి, హాస్టల్లో ఉండి చదువుతోంది. ఫుట్‌బాల్ బాగా ఆడుతుంది, అండర్-14 జిల్లా జట్టు సెలక్షన్లకి పేరిచ్చారు. మోకాలిచిప్ప కింద ఉసిరికాయంత బొడిపె. నొక్కితే చాలు కళ్ళలో నీళ్ళు.

"మందులేమైనా వాడుతున్నావా?" అంటే బ్యాగులోంచి స్ట్రిప్ తీసి చూపించింది. డైక్లోఫెనాక్.

"ఎవరిచ్చారే?"

"ప్రాక్టీసుకి ముందొకటి ఏసుకుంటే నొప్పి తెలీదన్నారు మావయ్యా. అందరం ఏసుకుంటాం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెల్లవుతాది."

మా అమ్మమ్మకి ఇదంతా అక్కర్లేదు. ఆవిడ తీర్పు ఎప్పుడో అయిపోయింది. "సూడ్రా బాబూ, ఆడగుంట. కాలు అవిటైతే రేపు ఎవుడు సేసుకుంటాడు? మానీమని మీ అక్కకి సెప్పు." అక్కేమో "అదొక్కటే దానికి సంతోషం రా, ఎలా మాన్పించను?" అంటుంది. ఇద్దరూ నా వైపు చూశారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరంటే అన్నీ తెలుసనుకుంటారు మనవాళ్ళు :)

నాకేమీ తెలీదు. తిరుగు రైల్లోను, వచ్చాక రాత్రిళ్ళు ఆన్‌కాల్‌లో కూర్చున్నప్పుడూ చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోతే అది చరిత్రలోకి దారితీసింది.

మొదట ఆ బిళ్ళ సంగతి, ఎందుకంటే ఇది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఈ మండలాల్లో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ళు లేని వీధి దొరకడం కష్టం. విశాఖ కేజీహెచ్‌లో నెఫ్రాలజిస్టుగా పనిచేసిన డాక్టర్ రవిరాజు లాంటివాళ్ళు, రోగులు ఒకే ప్రాంతం నుంచి ఇంతమంది వస్తున్నారేమిటని పట్టించుకున్న దగ్గర్నుంచి రెండు దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. భూగర్భజలం, పురుగుమందులు, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే పని, వంశపారంపర్యం, నొప్పుల బిళ్ళలు ఇలా అనుమానితుల జాబితా పెద్దదే కానీ ఇదే కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అసలు కారణం ఏదైనా సరే, ఒకటి మాత్రం ఎక్కడి కిడ్నీకైనా వర్తిస్తుంది. చెమటకి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసే ఏర్పాటు ఒకటి శరీరంలో ఉంటుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ జాతి మందులు నొప్పితో పాటు దాన్ని కూడా అణిచేస్తాయి. అంటే ఉక్కపోతలో రెండు గంటలు పరిగెత్తబోయే పిల్లకి, పరుగుకి ముందే ఆ బిళ్ళ. అదీ కవిటిలో! ప్రొడక్షన్ సర్వర్లో అలారం మోగుతోందని అలారాన్నే ఆపేసే ఇంజనీరుని మనం ఏమంటామో తెలుసు కదా.

ఇక చరిత్ర. మా జిల్లాలో ఆడపిల్ల, ఆట అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఒక్క పేరే. కరణం మల్లీశ్వరి, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. సిడ్నీ ఒలింపిక్స్ నాటికి నాకు మూడేళ్ళు, ఏమీ గుర్తులేదు. కానీ బళ్ళో ప్రతి ఆటలపోటీలోనూ ఎవరో ఒకరు ఆ కథ చెప్పేవారు. 2000 సెప్టెంబరు, 69 కిలోల విభాగం, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు, కాంస్యం. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. బంగారు పతకం 242.5 కిలోల దగ్గర తెగింది. ఆఖరి ప్రయత్నంలో ఆమె 137.5 అడిగింది. లేచి ఉంటే బంగారమే. లేవలేదు.

ఈ కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ పేదరికం, పట్టుదల, కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర పన్నెండేళ్ళ వయసులో మొదలుపెట్టడం ఇవన్నీ వస్తాయి. 1994లో ఇస్తాంబుల్లో, 1995లో గ్వాంగ్‌జౌలో ప్రపంచ ఛాంపియన్ కావడం వస్తుంది. అక్కడితో చప్పట్లు. కానీ 2004 ఏథెన్స్ ఎవరూ చెప్పరు. అక్కడ ఆమె వెన్నునొప్పితో పోటీ పూర్తి చేయలేకపోయింది, ఆ తర్వాత ఆట మానేసింది. అప్పటికి వయసు 29. (తర్వాత హర్యానాలో పిల్లలకి శిక్షణ ఇచ్చింది, 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయింది.)

పన్నెండేళ్ళప్పుడు ఎత్తిన బరువే ఏథెన్స్‌లో వెన్ను విరిచిందని నేను అనను. అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు, పైగా దగ్గర మనిషి ఉండి సరిగ్గా చేయిస్తే పిల్లలు బరువులెత్తడం ప్రమాదం కాదని ఇప్పటి వైద్యులు చెప్తున్నారు కూడా. నన్ను ఆపింది వేరే లెక్క. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌కి మొట్టమొదటి ప్రపంచ పోటీ జరిగింది 1987లో, ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో. మల్లీశ్వరి పుట్టింది 1975లో. అంటే ఊసవానిపేట పిల్ల బార్ పట్టుకున్నప్పుడు, ప్రపంచమంతా కలిపినా ఆడపిల్లల ఒంటి మీద ఈ ఆట పదిహేనేళ్ళ తర్వాత ఏం చేస్తుందో చూసినవాడు ఒక్కడు లేడు. పుస్తకాలన్నీ మగవాళ్ళ ఒళ్ళు చూసి రాసినవి. డాక్యుమెంటేషన్ లేని సిస్టమ్‌ని నేరుగా లైవ్‌లో నడిపినట్టన్నమాట. అప్పన్నగారి తప్పేమీ లేదు, ఆయనకి చెప్పగలిగినవాళ్ళే లేరు.

ఎందుకు లేరు? ఇక్కడే మా అమ్మమ్మ చరిత్రలోకి వస్తుంది.

1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో ఆడవాళ్ళ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి 53,000 మంది వచ్చారు. మందుగుండు ఫ్యాక్టరీలో పనిచేసిన అమ్మాయిల జట్టు, డిక్ కెర్ లేడీస్. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళని ఆడనివ్వొద్దని తీర్మానించింది. ఈ ఆట ఆడవాళ్ళకి తగదు అన్నది చెప్పిన కారణం. ఒంటికి మంచిది కాదని వంతపాడిన డాక్టర్లు కూడా దొరికారు. ఆ నిషేధం దాదాపు యాభై ఏళ్ళు నడిచింది. 1928 ఒలింపిక్స్‌లో 800 మీటర్ల పరుగు అయ్యాక కొందరు అలసి పడిపోయారని పత్రికలు గోలచేస్తే, ఆ పోటీని 1960 దాకా ఆడవాళ్ళకి లేకుండా చేశారు. పరిగెత్తాక అలసిపోవడం మగవాళ్ళకి ఘనత, ఆడవాళ్ళకి అనర్హత!

ఆడనివ్వనప్పుడు గాయాలు ఎవరు లెక్కపెడతారు? పరిశోధన కూడా అన్ని దశాబ్దాలు వెనకబడింది. అందుకే గాయాల గురించి మాట్లాడాలంటే నాకు రెండు వైపులా భయం. మాట్లాడితే "అందుకే మానీమన్నాను" అని అమ్మమ్మ, మాట్లాడకపోతే ఆ స్ట్రిప్.

లెక్కలు మొదలైంది అమెరికాలో. 1972లో చదువుల్లో ఆడామగా తేడా కూడదని టైటిల్ నైన్ చట్టం వచ్చాక అమ్మాయిలు వేలకొద్దీ మైదానాల్లోకి వచ్చారు. ఒక తరం ఆడాక, 1995లో కాలేజీ ఆటగాళ్ళ గాయాల లెక్కలు అచ్చయ్యాయి. మోకాలి లోపల తొడ ఎముకని కాలి ఎముకతో కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం ఫుట్‌బాల్‌లో అబ్బాయిలకన్నా అమ్మాయిలకి రెండు రెట్ల పైన, బాస్కెట్‌బాల్‌లో నాలుగు రెట్లు ఉంది. ఎవరూ ఢీకొట్టకుండానే, గెంతి దిగేటప్పుడో చటుక్కున తిరిగేటప్పుడో తెగిపోవడం ఎక్కువ. 2023 మహిళల ప్రపంచకప్‌కి ముందు ఆర్సెనల్ అనే ఒక్క క్లబ్బు నుంచే మీడ్, మిడెమా, విలియమ్సన్ ముగ్గురూ ఇలాగే పోయారు. మన దాకా వస్తే, విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2025 మేలో ఆసియా హర్డిల్స్ బంగారం నిలబెట్టుకుని, కొద్ది వారాలకే ఏసీఎల్ గాయంతో ఆపరేషన్ చేయించుకుంది. ఆ ఏడు టోక్యో ప్రపంచ పోటీలు పోయాయి.

మరి మందు? ఉంది, దాని ఖరీదు సున్నా. నార్వేలో 2007 సీజన్లో 125 క్లబ్బులకి చెందిన 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిలు 1,892 మందిని తీసుకున్నారు. అంటే మా పిల్ల ఈడువాళ్ళే. కొన్ని క్లబ్బులకి ఇరవై నిమిషాల వార్మప్ ఇచ్చారు. దాన్నే తర్వాత ఫిఫా ఎలెవెన్ ప్లస్ అని ప్రచారం చేసింది. మెల్లగా పరుగు, ప్లాంక్, ఒంటికాలి మీద నిలబడటం, మోకాళ్ళ మీద కూర్చుని వెనకనుంచి జోడీ మడమలు పట్టుకుంటే ముందుకి మెల్లగా వాలడం, గెంతి మోకాలు లోపలికి వాలకుండా దిగడం, మళ్ళీ పరుగు. పరికరాలేమీ అక్కర్లేదు. 2008లో ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. కాలి గాయాలన్నీ కలిపి చూస్తే తగ్గుదల గణాంకాల పరంగా గీత దాటలేదు, అది దాచకుండా రాశారు. కానీ తీవ్రమైన గాయాలు, అతిగా వాడటం వల్ల వచ్చేవి దాదాపు సగానికి పడిపోయాయి. ఇంత పాత ప్యాచ్, ఫ్రీ, ఎవడైనా దింపుకోవచ్చు. మన గ్రౌండ్లలో మాత్రం ఇంకా ఇన్‌స్టాల్ కాలేదు.

రెండో సంగతి గంటలు. అమెరికాలో వెయ్యిమందికి పైగా పిల్లలని చూసి 2015లో తేల్చిందేమిటంటే, వారానికి తమ వయసుని మించిన గంటలు కట్టుదిట్టంగా ఆటలు ఆడేవాళ్ళకి తీవ్రమైన అతివాడకపు గాయాలు ఎక్కువ. మా దానికి ఫోన్ చేసి లెక్క కట్టాను. పొద్దున అయిదున్నర నుంచి ఏడున్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు, వారానికి ఆరు రోజులు. 21 గంటలు. వయసు 13. ఆగండి, ఇంకా ఉంది. బాగా పరిగెత్తుతుంది కాబట్టి కబడ్డీ జట్టులోనూ అదే, రిలేలోనూ అదే. చిన్న బళ్ళలో ఇదో జబ్బు, ఆ ఆరుగురు పిల్లలే అన్ని జట్లూ. మన టీముల్లో కూడా బాగా పనిచేసేవాడికే నాలుగు ప్రాజెక్టులు అంటగడతారు కదా, అలాగే. తేడా ఏమిటంటే మనం రాజీనామా చెయ్యొచ్చు.

దీపావళికి వైజాగ్‌లో ఒక ఎముకల డాక్టరుకి చూపించాం. నా భయమంతా ఏసీఎల్ గురించి. ఆయన మోకాలు రెండు నిమిషాలు నొక్కి చూసి, ఎక్స్‌రే చూసి నవ్వారు. ఆస్‌గుడ్-ష్లాటర్. పెరిగే వయసులో ఎముక జోరుగా పెరుగుతుంది, తొడ కండరం ఆ వేగం అందుకోలేక బిగుసుకుని, తన స్నాయువు అతుక్కున్న చోట ఇంకా గట్టిపడని ఎముకని గుంజుతుంది. ఆ గుంజుడుకి లేచిన బొడిపె అది. 1903లోనే బోస్టన్‌లో ఆస్‌గుడ్, జ్యూరిక్‌లో ష్లాటర్ విడివిడిగా రాసిపెట్టారట. నూట ఇరవై ఏళ్ళ పాత బగ్! "ఆట మానక్కర్లేదు. సగానికి తగ్గించండి, ఐసు పెట్టండి, తొడ కండరం సాగదీయండి, ఎదుగుదల ఆగాక అదే పోతుంది" అన్నారు. స్ట్రిప్ చూపించి ఊరి పేరు చెప్పగానే మాత్రం నవ్వు పోయింది. క్రియాటినిన్ పరీక్ష రాసిచ్చారు. ఆ రిపోర్టు వచ్చేదాకా, సాయంత్రం దాకా, అక్క లాబ్ బయట బెంచీ మీంచి లేవలేదు. మా బావ నాన్నగారు డయాలసిస్ మీద మూడేళ్ళుండి పోయారు లెండి. రిపోర్టు మామూలుగానే వచ్చింది.

తిరిగొచ్చే ముందు వాళ్ళ పీఈటీ మాస్టారిని కలిశాను. చెడ్డవాడేం కాదు, అసలు అమ్మాయిలకి ఫుట్‌బాల్ నేర్పుతున్నదే ఆయన, సొంత డబ్బుతో బంతులు కొంటాడు. ఎలెవెన్ ప్లస్ వ్యాయామాలన్నీ తెలుగులో రాసి, బొమ్మలు గీసి రెండు కాగితాలు ఇచ్చాను. నొప్పుల బిళ్ళల గురించి కూడా చెప్పాను. నీళ్ళు నమిలాడు. "పిల్లలే తెచ్చుకుంటారండీ" అన్నాడు. కాగితాలు మాత్రం శ్రద్ధగానే చదివాడు.

"బావుందండీ. కానీ ఇరవై నిమిషాలు దీనికే పోతే ఆట ఎప్పుడాడించమంటారు? సెలక్షన్లు ఇంకా మూడు వారాలే."

"ఇప్పుడు వార్మప్‌కి ఏం చేయిస్తున్నారు?"

"గ్రౌండు చుట్టూ పది రౌండ్లు."

"ఎంతసేపు పడుతుంది?"

వాచీ చూసుకున్నాడు, అందులో జవాబుందేమో అన్నట్టు. "ఓ ఇరవై నిమిషాలు" అన్నాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మా పిల్ల ఈసారి సెలక్షన్లకి వెళ్ళలేదు. నాతో వారం మాట్లాడలేదు. నిన్న ఫోన్ చేసింది, ఒంటికాలి మీద ముప్ఫై సెకన్లు నిలబడుతున్నానని. కింద ఇసుక, అంత తేలిక కాదట.