డీఈఐ నిషేధ చట్టాలు: అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఎంతవరకు ఎదిరించగలవు?

ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం 2024 ఏప్రిల్ 2న తన క్యాంపస్, సామాజిక అనుసంధాన విభాగాన్ని మూసివేస్తున్నట్లు ప్రకటించింది. సుమారు 60 మంది ఉద్యోగాలు పోయాయి. ఆ విభాగం పాత పేరులో ‘వైవిధ్యం’ అనే మాట ఉండేది. రాష్ట్రంలో నిషేధ చట్టం అమల్లోకి రావడంతో విశ్వవిద్యాలయం పేరు మార్చింది, కొన్ని పనులు మానుకుంది, మిగిలినవి చట్టానికి లోబడినవేనని భావించింది. మార్చి నెలాఖరులో ఆ చట్టాన్ని ప్రతిపాదించిన సెనేటర్ బ్రాండన్ క్రైటన్ విశ్వవిద్యాలయ వ్యవస్థల అధిపతులకు లేఖ రాశారు. పేర్లు మార్చి పాత పనులే సాగిస్తే నిధులకు ముప్పు తప్పదన్నది దాని సారాంశం. వారం రోజులకే విభాగం మూతపడింది.

పదికి పైగా అమెరికా రాష్ట్రాలు ఇలాంటి చట్టాలు చేశాయి. వాటి మాటున ఒక ప్రశ్న పదే పదే వినిపిస్తోంది: రాష్ట్రం నిధులిచ్చి, రాష్ట్రమే పాలక మండలిని నియమించే విశ్వవిద్యాలయం అదే రాష్ట్ర చట్టాన్ని ఎదిరించవచ్చునా? ఎదిరించాలా?

డీఈఐ అంటే ఏమిటి, ఏది కాదు

డీఈఐ అనేది ‘డైవర్సిటీ, ఈక్విటీ, ఇన్‌క్లూజన్’ అనే మూడు మాటల పొడి అక్షరాల కూర్పు. తెలుగు వార్తల్లో మధ్య మాటను తరచు ‘సమానత్వం’ అని అనువదిస్తున్నాం. వివాదమంతా సరిగ్గా ఆ అనువాదంలో మాయమైపోయే తేడా గురించే. అందరికీ ఒకే కొలత పెట్టడం ఈక్వాలిటీ. వెనుకబడి బయలుదేరినవారికి అవసరమైనంత తోడ్పాటు అదనంగా ఇవ్వడం ఈక్విటీ. మొదటిదానిని ఎవరూ కాదనరు. రెండవది వివక్షే అని నిషేధాన్ని కోరేవారి వాదన. దానిని ‘సమన్యాయం’ అనడం కొంత దగ్గరగా ఉంటుంది.

మన పాఠకులు డీఈఐని రిజర్వేషన్లతో కలిపి చూడటం సహజం. కానీ అవి ఒకటి కావు. జాతి ప్రాతిపదికన సీట్ల కోటాను అమెరికా సుప్రీంకోర్టు 1978లోనే, బాకీ కేసులో తోసిపుచ్చింది. ప్రవేశాల్లో జాతిని ఒక అంశంగా పరిగణించే పద్ధతికి కూడా 2023 జూన్ 29న, హార్వర్డ్ కేసు తీర్పుతో దాదాపు తెరపడింది. నిషేధ చట్టాలు ప్రధానంగా తాకుతున్నది ప్రవేశాలను కాదు. కార్యాలయాలు, శిక్షణ తరగతులు, నియామకాల్లో అడిగే ‘వైవిధ్య ప్రకటనలు’, విద్యార్థి సహాయ కేంద్రాలు వాటి లక్ష్యం. భారతదేశంలో దారి వేరుగా నడిచింది. అప్పటికి తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రపు కమ్యూనల్ జీవోను 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేయగా, అదే ఏడాది రాజ్యాంగాన్ని సవరించి 15(4) అధికరణాన్ని చేర్చారు. ఇక్కడ రాజ్యాంగమే అనుమతించిన పని అక్కడ విశ్వవిద్యాలయాల విధాన నిర్ణయంగానే మిగిలింది. చట్టసభ తలచుకుంటే తుడిచిపెట్టగలిగింది అందుకే.

చట్టం ఏమంటోంది

టెక్సాస్ సెనేట్ బిల్లు 17పై గవర్నర్ గ్రెగ్ అబాట్ 2023 జూన్‌లో సంతకం చేశారు; 2024 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. డీఈఐ కార్యాలయాలు నడపరాదు, ఉద్యోగార్థులను వైవిధ్య ప్రకటన అడగరాదు, అలాంటి శిక్షణను తప్పనిసరి చేయరాదు. చట్టాన్ని పాటిస్తున్నామని పాలక మండలి ధ్రువీకరించే వరకు రాష్ట్ర నిధులు ఖర్చు చేయరాదు. రాష్ట్ర ఆడిటరు తనిఖీలు అదనం.

అయితే అదే చట్టంలో మినహాయింపులూ స్పష్టంగా ఉన్నాయి. తరగతి బోధన, పరిశోధన, విద్యార్థి సంఘాలు, తాత్కాలికంగా వచ్చే వక్తలు, గణాంకాల సేకరణ నిషేధంలోకి రావు. తమ కుటుంబంలో తొలిసారి కళాశాల మెట్లెక్కిన విద్యార్థులకు, పేద విద్యార్థులకు విశ్వవిద్యాలయం చేస్తున్న తోడ్పాటును గ్రాంట్ల దరఖాస్తుల్లో చెప్పుకోవచ్చు. ఎదిరించాలా లోబడాలా అన్న చర్చలో ఈ మినహాయింపుల గురించి మాట్లాడేవారు తక్కువ. అసలు విషయం అక్కడే ఉంది.

నిషేధానికి అనుకూల వాదన

ప్రభుత్వ విశ్వవిద్యాలయం పన్నుల సొమ్ముతో నడిచే సంస్థ. ఆ సొమ్ము దేనికి ఖర్చు కావాలో ఎన్నికైన చట్టసభ నిర్ణయించడంలో అసహజమేమీ లేదు. వైవిధ్య ప్రకటనలపై విమర్శకూ బలముంది. రసాయనశాస్త్రం బోధించడానికి వచ్చిన వ్యక్తిని సామాజిక న్యాయంపై తన నిబద్ధత రాసి చూపమనడం ఒక రాజకీయ అభిప్రాయానికి హామీ పత్రం అడగడం కాదా అన్న ప్రశ్నకు తేలిక సమాధానం లేదు. ఏ రాష్ట్ర చట్టం ఒత్తిడీ లేకుండానే ప్రైవేటు సంస్థ అయిన ఎంఐటీ 2024 మే నెలలో ఆ పద్ధతిని మానుకుంది.

ఎదిరింపు అనే మాటకు కూడా రెండు చరిత్రలున్నాయి. 1963లో నల్లజాతి విద్యార్థులను అడ్డుకోవడానికి అలబామా విశ్వవిద్యాలయం గుమ్మంలో నిలబడిన గవర్నర్ జార్జ్ వాలెస్ కూడా తాను ఎదిరిస్తున్నాననే చెప్పుకున్నారు.

ఇక రెండో చరిత్ర. 1946లో హీమన్ స్వెట్ అనే నల్లజాతి యువకుడు ఆస్టిన్‌లోని ఇదే విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాలకు దరఖాస్తు చేశారు. అర్హత ఉన్నా నిరాకరించారు. రాష్ట్ర చట్టం ఒప్పుకోదన్నది విశ్వవిద్యాలయం సమాధానం. ఆయన కోసం రాష్ట్రం హడావుడిగా వేరే న్యాయ కళాశాల తెరిచింది. 1950లో సుప్రీంకోర్టు ఆదేశించాకే అసలు తలుపు తెరుచుకుంది. విశ్వవిద్యాలయం నాడు చట్టాన్ని తు.చ. తప్పక పాటించింది. ఆ విధేయతను నేడు ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

ఎవరు కోర్టుకు వెళ్లగలరు

రాష్ట్రానికి అంగమైన విశ్వవిద్యాలయం తన రాష్ట్రంపైనే వ్యాజ్యం వేయడం ఆచరణలో దాదాపు అసాధ్యం. పాలక మండలిని నియమించేది గవర్నరే అయినప్పుడు ఆ తీర్మానం ఎవరు చేస్తారు? కాలిఫోర్నియా, మిషిగన్ వంటి చోట్ల విశ్వవిద్యాలయాలకు రాష్ట్ర రాజ్యాంగమే స్వయంప్రతిపత్తి ఇచ్చింది. టెక్సాస్‌లో ఆ రక్షణ లేదు. కాబట్టి న్యాయపోరాటం ఆచార్యులది, విద్యార్థులది అవుతోంది. ఫ్లోరిడాలో తరగతి గది బోధనను కట్టడి చేసిన 2022 నాటి చట్టాన్ని వారు సవాలు చేయగా, ఉన్నత విద్యకు సంబంధించిన నిబంధనలను అదే ఏడాది నవంబరులో ఫెడరల్ న్యాయమూర్తి నిలిపివేశారు. అలబామాలో మాత్రం 2025 ఆగస్టులో కోర్టు అలాంటి స్టే నిరాకరించింది. ప్రభుత్వ ఉద్యోగి తరగతిలో పలికే మాట ఎవరిది, ఆచార్యుడిదా, రాష్ట్రానిదా అన్నది ఇంకా తేలని చిక్కుముడి.

చట్టానికి లోబడుతూనే వెనక్కి తగ్గని దారికి కాలిఫోర్నియా పాత ఉదాహరణ. అక్కడ 1996 నవంబరులో ఓటర్లు ఆమోదించిన ‘ప్రతిపాదన 209’ ప్రభుత్వ విద్యలో జాతి, లింగ ప్రాధాన్యాలను నిషేధించింది. 1998లో బర్క్‌లీ ప్రాంగణంలో నల్లజాతి, లాటినో విద్యార్థుల ప్రవేశాలు సగానికి పైగా పడిపోయాయి. విశ్వవిద్యాలయం నిషేధాన్ని ఉల్లంఘించలేదు, చేతులు ముడుచుకునీ కూర్చోలేదు. ప్రతి ఉన్నత పాఠశాలలో పైశ్రేణి విద్యార్థులకు అర్హత కల్పించింది, పేద ప్రాంతాల బడులతో కలిసి పనిచేసింది. జాతి ప్రసక్తి లేని ఇలాంటి కార్యక్రమాలకు 2004 నుంచి 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేశామని, అయినా తమ ప్రాంగణాలు రాష్ట్ర జనాభాకు అద్దం పట్టడం లేదని 2022లో సుప్రీంకోర్టుకు అదే విశ్వవిద్యాలయం నివేదించింది. ఈ దారి ఖరీదైనది, ఫలితం పాక్షికం. అయినా అక్కడ ప్రయత్నమనేది ఒకటి జరిగింది.

చట్టం అడగనిది ఇవ్వడం

ఇటీవలి కథ అలా లేదు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం 1970 నుంచి వేళ్లూనుకున్న తన వైవిధ్య కార్యాలయాన్ని మూసివేస్తున్నట్లు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. రాష్ట్ర నిషేధ బిల్లుపై గవర్నర్ సంతకం చేసింది మార్చి 28న. మిషిగన్ విశ్వవిద్యాలయానికి రాజ్యాంగ స్వయంప్రతిపత్తి ఉంది, డీఈఐ కార్యాలయాలను నిషేధించే రాష్ట్ర చట్టం లేదు. అయినా ఫెడరల్ ఆదేశాల ఒత్తిడి నడుమ అదే నెలలో తన కార్యాలయాలను ఎత్తివేసింది. ఆస్టిన్‌లో అయితే పత్రాలు లేని వలస విద్యార్థులకు తోడ్పడే మోనార్క్ కార్యక్రమం కూడా చట్టం పేరుతోనే ఆగిపోయింది. ఆ చట్టం పేర్కొన్నవి జాతి, వర్ణం, లింగం వంటివి. వలస హోదా ప్రసక్తి అందులో లేదు. 2024 మే నాటికి యూటీ వ్యవస్థ మొత్తం మీద 21 కార్యాలయాలు మూతపడ్డాయని, 311 ఉద్యోగాలు రద్దయ్యాయని అప్పటి ఛాన్సలర్ చట్టసభ సభ్యులకు తెలిపారు.

నా అంచనాలో ప్రశ్నను అడగవలసిన తీరే వేరు. చట్టాన్ని బాహాటంగా ధిక్కరించమని ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని కోరడం, దాని చేతిలో లేని అధికారాన్ని వాడమనడమే. కానీ చట్టం విడిచిపెట్టిన చోటును పూర్తిగా వినియోగించుకోమని, మూసివేసే ప్రతి కార్యక్రమానికి ఏ నిబంధన అడ్డువస్తోందో రాతపూర్వకంగా చెప్పమని అడగడం న్యాయమే. ‘చట్టం ప్రకారం’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటే, విద్యార్థి కోర్టులో సవాలు చేయడానికి కూడా ఏమీ మిగలదు.

తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో చేరే డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలోనూ 2024 ఏప్రిల్‌లో ఇలాంటి కార్యాలయం మూతపడి, సుమారు 20 ఉద్యోగాలు పోయాయి. వీసా పత్రాలు చూసే విభాగాలు చట్టం పరిధిలో లేవు. విద్యార్థుల సాంస్కృతిక సంఘాలు మినహాయింపులోనే ఉన్నాయి. ఉగాది వేడుకను ఎవరూ ఆపలేదు. కొత్తగా వచ్చినవారికి దారి చూపే సిబ్బంది తగ్గితే ఆ లోటు మాత్రం అందరిదీ.

అన్నట్టు, 2024 మార్చిలో ఆ లేఖ రాసిన క్రైటన్ 2025లో టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయ వ్యవస్థకు ఛాన్సలర్‌గా నియమితులయ్యారు.