పంపకముల లెక్క

ఒమాను దేశపు ఉత్తర బాతినా తీరమున, సోహారు రేవునకు ఎగువ, ఎమిరేట్ల సరిహద్దునకు చేరువలో నున్న షినాస్ పట్టణమున 2005లో వెలసి, 2020లో సాంకేతిక, అనువర్తిత శాస్త్రముల విశ్వవిద్యాలయమున అంతర్భాగమైన కళాశాల యొకటి కలదు. పాఠశాల చదువు ముగించి వచ్చిన బాలబాలికలు అచట పునాది తరగతిలో ఆంగ్లముతో పాటు గణితమును నేర్చి, అటుపిమ్మటనే తాము కోరిన విద్యలో అడుగిడుదురు. ఆ తరగతిలో గురువు ఆంగ్లమున పలుకు 'ఆల్జీబ్రా' అను మాట ఆ పిల్లల యింటి భాషయైన అరబ్బీ మాటయే. వారి బడిలో దానిని 'అల్ జబ్ర్' అని నేర్చినవారే.

క్రీ.శ. 820 ప్రాంతమున, బాగ్దాదు నగరమున, ఖలీఫా మామూను ప్రాపున అల్ ఖ్వారిజ్మీ యను పండితుడు రచించిన గ్రంథము పేరులో 'జబ్ర్', 'ముకాబలా' అను రెండు పదములు గలవు. జబ్ర్ అనగా విరిగినదానిని అతుకుట. మన పుత్తూరులో విరిగిన యెముకను సరిచేసి కట్టు కట్టునట్లు, సమీకరణమున ఒక పక్క తరుగుపడిన రాశిని రెండవ పక్కకు చేర్చి పూర్ణము గావించుటకే ఆయన ఆ పేరు పెట్టెను. రెండు పక్కల నున్న సజాతి రాశులను ఎదురెదురుగా నిలిపి సరిపెట్టుట ముకాబలా. తెలియని రాశిని ఆయన 'షయ్', అనగా 'వస్తువు', అనెను; గుర్తులు లేవు, సర్వమును మాటలతోనే సాగును.

ఆ గ్రంథమున సుమారు సగము ఆస్తి పంపకములకు కేటాయింపబడినదన్న సంగతి పాఠ్యపుస్తకములు చెప్పవు. ఒక స్త్రీ భర్తను, ఒక కుమారుని, ముగ్గురు కుమార్తెలను విడిచి మరణించినది. తన సొత్తులో ఎనిమిదవ వంతును, ఏడవ వంతును కలిపి ఒక పరాయివానికి ఇమ్మని చెప్పినది. ఎవరి వాటా ఎంత? ఇస్లాము ధర్మమున, పరాయివాని భాగము పోగా మిగిలిన దానిలో భర్తకు నాలుగవ వంతు. శేషమున కుమారునికి కుమార్తెకు రెట్టింపు. మొత్తమును 1,120 పాళ్లుగా చేసిన, పరాయివానికి 300, భర్తకు 205, కుమారునికి 246, ఒక్కొక్క కుమార్తెకు 123 వచ్చును. కాగితముపై కూడి చూచిన ఒక్క పాలైనను తప్పదు. షినాస్ విద్యార్థికి నేటికిని తన యింట ఎదురు కాగల లెక్క యిది. మొదటి పాఠము ఇచ్చటనే ఆరంభింపవలెనని నా దృఢమైన నమ్మకము. గుర్తులను ముందు నేర్పి, వాటి అవసరమును కడపట చెప్పుట, లేక అసలే చెప్పకుండుట, ఆ విద్యకు చేయు అన్యాయము.

ఈ విద్యలో మన పాలును తక్కువ కాదు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నకును ఋణరాశులకును నియమములు చెప్పెను. 1150లో భాస్కరాచార్యుడు బీజగణితమును రచించెను. మన గణితజ్ఞులు అవ్యక్తములను కాలక, నీలక, పీతకములని రంగుల పేర్లతో పిలిచిరి. తొమ్మిదవ శతాబ్దిలో అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అల్ ఖ్వారిజ్మీయే హిందూ అంకెల పద్ధతిని గూర్చి వేరొక గ్రంథము వ్రాసెను. నాణెముల సంగతియు అట్టిదే: ఒమాను రియాలునకు వేయి బైసాలు. ఆ బైసా మన పైసాయే, 1970 వరకు ఆ దేశమున రూపాయియు చెల్లెను. లెక్క వెళ్లిన త్రోవనే నాణెమును వెళ్లినది.

సంభావ్యతకు మూలమును పంపకమే. ఇద్దరు చెరి 32 నాణెములు ఒడ్డి, ముందు మూడు ఆటలు గెలిచినవానికి పందెమంతయు అని జూదమాడుచుండగా, ఒకడు రెండు, ఇంకొకడు ఒకటి గెలిచిన దశలో ఆట ఆగినచో సొమ్మును ఎట్లు పంచవలెను? 1654లో ఫ్రాన్సున పాస్కల్, ఫెర్మా ఈ ప్రశ్నపై ఉత్తరములు వ్రాసికొనిరి. తరువాతి ఆట మొదటివాడు గెలిచిన 64 నాణెములును వానివే. ఓడినను సమానమై 32 దక్కును. కనుక 32 అతనికి నిశ్చయము; మిగిలిన 32లో సగము అతనిది; మొత్తము 48. జరిగిన ఆటను గాక జరుగబోవు ఆటను లెక్కించుట అంతకు మున్ను పలువురు పండితులకు అందని ఊహ.

సాంఖ్యక శాస్త్రమునకు మన భారతమున ఒక సుందరమైన ఘట్టము గలదు. ఋతుపర్ణ మహారాజు రథముపై పోవుచు తాండ్రచెట్టును చూచి, రెండు కొమ్మలలో ఐదు కోట్ల ఆకులు, 2,095 కాయలు ఉన్నవని పలికెను. సారథియై యున్న నలునికి నమ్మకము కుదురలేదు. రథమాపి, చెట్టు నరికి, లెక్కించి, సరిపోవుట చూచి ఆశ్చర్యపడెను. తన అశ్వహృదయమును, అనగా గుర్రముల మర్మమును, బదులిత్తునని చెప్పి రాజు అక్షహృదయమును, అనగా పాచికల మర్మమును, కోరెను; రాజు దానిని ఇచ్చెను. పాచికలుగా తాండ్రకాయలనే వాడెడి కాలమున, జూదపు విద్యయు చెట్టును లెక్కించు విద్యయు ఒక్కనియందే ఉండుట గమనింపదగినది.

చూచినది కొంచెమై, చెప్పవలసినది అంతయు నైనప్పుడు మన ఊహలోని దోషమెంత? నలుడు చెట్టు నరికి తేల్చుకొనెను. చెట్టు నరుకక, పక్షపాతము లేని అంచనాలో దోషవిస్తృతి ఇంతకంటె తగ్గజాలదని హద్దు గీయు సూత్రమును, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి 1941లో కలకత్తా చేరి మహలనోబిస్ స్థాపించిన భారత సాంఖ్యక సంస్థలో ప్రవేశించిన కల్యంపూడి రాధాకృష్ణ రావు 1945లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున ప్రకటించెను.