జనగామ సీమలో నవల: చదువరి దొరికేదాకా

బచ్చన్నపేట, చేర్యాల, కొమురవెల్లి చుట్టుపక్కల ఊళ్లలో అచ్చుపుస్తకం రాకముందే కథకు గట్టి గిరాకీ ఉండేది. చేర్యాల నకాషీలు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించిన గుడ్డ మీద ఎర్రటి నేలలో కులపురాణాల బొమ్మలు గీసేవాళ్లు. ఆ పటాన్ని పందిట్లో వేలాడదీసి, ఒక్కో ఘట్టం చూపుతూ కథకులు కథ నడిపేవాళ్లు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు, కూనపులివాళ్లు పద్మశాలీలకు చెప్పేవాళ్లు. కొమురవెల్లి మల్లన్న కథను ఒగ్గుకథకులు డోలు, తాళాలతో తెల్లవార్లూ చెప్పేవాళ్లు. ఈ విద్యలో దేశమంతటా పేరు తెచ్చుకున్న చుక్క సత్తయ్య (1935–2017) లింగాల ఘన్‌పూర్ మండలం మాణిక్యపురం మనిషే. కాబట్టి ఈ సీమలో వినేవాళ్లకు కొదవ లేదు. లేనిదల్లా చదివేవాళ్లే. ఇక్కడి కథా రచన చరిత్ర చాలావరకు ఆ చదువరిని తయారుచేసుకున్న చరిత్ర.

నిజాం రాజ్యంలో 1880ల నుంచి కచేరీ భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. 1931 జనాభా లెక్కల నాటికి రాజ్యంలో అక్షరాలు వచ్చినవాళ్లు నూటికి అయిదుగురి దరిదాపుల్లో ఉన్నారు. బడికి పోయిన తెలుగు పిల్లవాడు కూడా తెలుగులో ఒక నవల హాయిగా చదివే స్థితికి రావాలంటే ఇంట్లోనో, గ్రంథాలయంలోనో విడిగా నేర్చుకోవలసిందే. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పుట్టింది ఈ అవసరం కోసమే. ఆ తర్వాత ఊళ్లలో చిన్న చిన్న గ్రంథాలయాలు లేచాయి గానీ అధికారులు వాటిని అనుమానంగానే చూశారు. సభ పెట్టాలన్నా ముందు అనుమతి తీసుకోవాలని నిజాం సర్కారు ఉత్తర్వు గస్తీ నిషాన్ 53 శాసించిన రోజులవి. నలుగురు కూర్చుని పేపరు చదువుకునే గది కూడా సర్కారు కంటికి రాజకీయంగానే కనిపించేది. ఆ అనుమానం పూర్తిగా తప్పని చెప్పలేం. గ్రంథాలయాల్లో పెరిగినవాళ్లే తర్వాత నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంఘమైన ఆంధ్ర మహాసభలోకి నడిచారు.

పుస్తకాలు ఎక్కువగా కోస్తా నుంచి వచ్చేవి. 1889 నాటికి రైలు మార్గం బెజవాడ దాకా పడింది. దాని మీది జనగామ స్టేషనుకు మనుషులతో పాటు పత్రికలు, పుస్తకాలూ చేరాయి. ఇలా ఇక్కడి చదువరికి అందిన కథల్లో మనుషులు వేరే సీమ మాట మాట్లాడేవాళ్లు, గోదావరి, కృష్ణా తీరాల ఊళ్లలో తిరిగేవాళ్లు. తన ఊరి దొర, తన ఊరి వెట్టి, తన ఊరి నుడికారం పుస్తకంలో కనపడకపోవడం ఆ తరానికి మామూలైపోయింది.

ఆ లోటు తీర్చడానికి మొదట పూనుకున్నవాళ్లలో ఒద్దిరాజు సోదరులు ముఖ్యులు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తిలో సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సొంతంగా అచ్చుయంత్రం పెట్టుకుని 1922 ఆగస్టు 27న ‘తెనుగు పత్రిక’ వారపత్రికను మొదలుపెట్టారు. రాసింది వాళ్లే, అక్షరాలు కూర్చింది వాళ్లే, అచ్చు వేసింది వాళ్లే. సీతారామచంద్రరావు రాసిన ‘రుద్రమదేవి’ తెలంగాణ నుంచి వచ్చిన తొలి చారిత్రక నవలల్లో ఒకటి. రవీంద్రనాథ్ టాగోర్ నవలను కూడా ఈ సోదరులు తెలుగులోకి తెచ్చారు. నగరానికి దూరంగా ఒక పల్లెలో నవల అచ్చువేయడం ఎంత సాహసమో చెప్పనక్కర లేదు. కొనేవాళ్లను వెతుక్కోవడం అంతకంటే కష్టం. పత్రిక నాలుగైదేళ్లకు మించి సాగలేదు.

కొనేవాళ్ల దగ్గరికి పుస్తకాన్ని మోసుకుపోయినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961). నల్లగొండ జిల్లా చెరువుమాదారంలో పుట్టి, వంటపని, హోటలు పని, ప్రూఫులు దిద్దే పని చేసుకుంటూ చదువు సంపాదించిన మనిషి. 1938లో కాశీనాథుని నాగేశ్వరరావు బిరుదు మీద ‘దేశోద్ధారక గ్రంథమాల’ పెట్టి, అచ్చువేసిన పుస్తకాలను తానే ఊరూరా తిప్పి అమ్మాడు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు. ‘జైలు లోపల’ కథలకు ముడిసరుకు అక్కడ దొరికింది. 1955లో వచ్చిన ‘ప్రజల మనిషి’లో కంఠీరవం అనే యువకుడు దొర పెత్తనానికి ఎదురు తిరిగి ప్రజల్లోకి వెళ్తాడు. దొరలు, వెట్టి, గ్రంథాలయాలు, ఆంధ్ర మహాసభ: ఇక్కడి చదువరి కళ్లారా చూసిన బతుకు నవలలోకి వచ్చింది. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా ఆ బతుకుకు నడిబొడ్డు. 1946 జూలై 4న ఆ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగిన కడవెండి ఆ తాలూకాదే. ఆళ్వారుస్వామి రెండో నవల ‘గంగు’ను ముగించకుండానే కన్నుమూశాడు.

వదిలిపోయిన ఆ పనిని చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య (1928–2015) తలకెత్తుకున్నాడు. ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలల్లో గడీల కాలం నుంచి పోలీసు చర్య తర్వాతి రోజుల దాకా వరసగా చెప్పుకొచ్చాడు. ‘చిల్లర దేవుళ్లు’లో గడికి వచ్చిన సంగీతకారుడి కళ్లతో చదువరి ఆడబాపల, అంటే గడీల్లోని దాసీల, బతుకును చూస్తాడు. ఈ నవల రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి పొంది, సినిమాగానూ వచ్చింది. అయితే అసలు చిక్కు భాషలో ఉంది. రంగాచార్య పాత్రల చేత ఇక్కడి మాట మాట్లాడించాడు. కథ చెప్పే గొంతు మాత్రం అప్పటికి అందరూ ఒప్పుకున్న పుస్తకాల తెలుగే. దొర, జీతగాడు తెలంగాణ మాట మాట్లాడుతుంటే రచయిత పక్కన నిలబడి ఇంకో తెలుగులో వివరిస్తున్నట్టు ఉంటుంది. ఆ గొంతును కూడా ఊరి మాటకే అప్పజెప్పినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది పాకాల యశోదారెడ్డిని. ‘మా ఊరి ముచ్చట్లు’, ‘ఎచ్చమ్మ కథలు’ చదివితే పక్కింటి అరుగు మీద కూర్చుని విన్నట్టే ఉంటుంది. ఈ పని ఎంత ఆలస్యంగా జరిగిందన్నదే ఆశ్చర్యం.

పాలకుర్తి మండలం వావిలాలలో 1941లో పుట్టిన దొంగరి మల్లయ్య దారి వేరు. నవీన్ పేరుతో రాసిన ‘అంపశయ్య’ 1969లో పుస్తకంగా వచ్చింది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి ఒక్కరోజు జీవితం అందులో కథ. నిద్ర లేచింది మొదలు రాత్రి దాకా అతని తలలో తిరిగే ఆలోచనలు, ఆకలి, అప్పులు, కోరికలు, భయాలు ఉన్నవి ఉన్నట్టుగా పారుతుంటాయి. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ డబ్లిన్ నగరంలో ఒక్కరోజును నవలగా అచ్చువేసింది 1922లో, అంటే ఇనుగుర్తిలో ‘తెనుగు పత్రిక’ మొదలైన ఏడే. చైతన్య స్రవంతి అనే ఆ పద్ధతిని దాదాపు అయిదు దశాబ్దాల తర్వాత జనగామ పల్లె కుర్రవాడు తన తరం పేదరికం చెప్పడానికి వాడుకున్నాడు. సంఘటనల కోసం ఎదురుచూసే చదువరికి ఈ నవల ఓపిక పరీక్షే. హాస్టల్లో పూటలు గడిపినవాళ్లకు మాత్రం తమ కథే. పుస్తకం పేరే రచయిత ఇంటిపేరుగా స్థిరపడింది. తెలంగాణ పల్లెల అర్ధశతాబ్దపు మార్పును చెప్పిన ఆయన ‘కాలరేఖలు’ 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది.

అదే కాలంలో చినపెండ్యాలలో పుట్టిన కవి వరవరరావు 1966లో ‘సృజన’ పత్రికను మొదలుపెట్టాడు. ఉద్యమాల చుట్టూ అల్లుకున్న కథలకు అది వేదికైంది, నిషేధాలూ కేసులూ ఎదుర్కొంది. ఇక పట్నాల్లో సామాన్య చదువరిని పట్టి ఉంచింది వారపత్రికల సీరియళ్లు, అద్దె పుస్తకాల షాపులు. వాటి ముందు గంభీరమైన నవల అమ్మకాల్లో ఎప్పుడూ వెనకే. టీవీ వచ్చాక ఆ షాపులూ మూతపడ్డాయి.

జనగామ 2016 అక్టోబరు 11న జిల్లా అయింది, బచ్చన్నపేట అందులో ఒక మండలం. ఈ సీమలో కొత్తగా రాసేవాళ్లకు నేటి ప్రధాన చిక్కు తొలి పుస్తకాన్ని ఎవరైనా చదివేలా చేసుకోవడం. అంపశయ్య నవీన్ పేరిట ఉన్న ట్రస్టు ఏటా ఇచ్చే పురస్కారం తొలి నవలలకే.