రంగం ఓడ నుంచి హెచ్-1బి దాకా

నూట యాభై ఏళ్ళుగా తెలుగువాళ్ళు పని వెతుక్కుంటూ సముద్రాలు దాటుతున్నారు. దేశాలు మారాయి, పనులు మారాయి, కాగితాల పేర్లు మారాయి. మారనిది ఒక్కటే: తలుపు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో అవతలివాళ్ళ అవసరమే చెబుతుంది.

భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన ఇరవై ఏడేళ్ళ యువకుడు 1922 అక్టోబరు చివర్లో బోస్టన్ చేరాడు. చేతిలో డబ్బు అంతంతమాత్రం. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసర్‌కు కంటగింపయ్యాడు. అందుకే ఎంబీబీఎస్ రాక, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అతన్ని అంత దూరం పంపినవి రెండు ఆసరాలు. ఒకటి మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి సర్దిన సొమ్ము. రెండోది కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసా.

ఆ యువకుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు చాలామందికి తెలుసు. ఆ ధర్మసంస్థ వెనుక ఉన్న డబ్బు ఎక్కడిదో తెలిసినవాళ్ళు తక్కువ. అది రంగంలో, అంటే బర్మాలోని రంగూన్‌లో, సంపాదించిన డబ్బు. ఉద్యోగానికి పరదేశం వెళ్ళిన తెలుగువాళ్ళ కథ చెప్పాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

వీసా లేని రోజులు

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట కోరంగి ఉంది. ఓడలు కట్టే రేవుగా ఒకప్పుడు దానికి గొప్ప పేరు. 1839 నవంబరు తుపానులో ఆ వైభవం కొట్టుకుపోయినా పేరు మాత్రం సముద్రం దాటి నిలిచింది. బర్మాలో తెలుగువాళ్ళను ‘కోరంగీలు’ అన్నారు. అక్కడి బ్రిటిష్ లెక్కల పుస్తకాల్లోకీ ఆ మాటే ఎక్కింది. కోరంగి ప్రాంతపు పేదింటి బిడ్డ మల్లాడి సత్యలింగం నాయకర్ రంగూన్ చేరి, అక్కడి వ్యాపారంలో సంపన్నుడై, ఆస్తిని చదువుకూ ధర్మానికీ రాసిచ్చారు.

ఆయనలా గట్టెక్కినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. కాకినాడ, విశాఖపట్నం, గోపాలపూర్ రేవుల నుంచి వేలాదిమంది ‘రంగం’ వెళ్ళి రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. పాస్‌పోర్టు ప్రసక్తే లేదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కాగితం లేదు గానీ, కాగితం చేసే పని మేస్త్రీ చేసేవాడు. ఊళ్ళోనే బయానా ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టి తీసుకెళ్ళేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ మేస్త్రీ చేతి కిందే ఉండాలి. జీతం అతని చేతుల మీదుగా రావాలి, అందులో అతని వాటా పోవాలి.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె తీరాక పాతవాళ్ళను తిరిగి తీసుకుని, కొత్తవాళ్ళను పొమ్మన్నారు. ఇద్దరు పేదల మధ్య చిచ్చు రేగింది. రంగూన్ వీధుల్లో తెలుగువాళ్ళ రక్తం పారింది. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. నిన్నటిదాకా సొంత దేశంలో ఉన్నామనుకున్నవాళ్ళు ఒక్క రోజులో పరాయివాళ్ళయ్యారు. భారతీయుల వలసపై జేమ్స్ బాక్స్టర్ అనే అధికారి నివేదిక ఇచ్చాక, 1941లో రెండు ప్రభుత్వాలు పర్మిట్ల ఒప్పందం చేసుకున్నాయి. అది గట్టిగా అమలుకాక ముందే, ఆ డిసెంబరులో జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. మనవాళ్ళు అడవులూ కొండలూ దాటుకుంటూ కాలినడకన వెనక్కి వచ్చారు. దారిలోనే వేలమంది నేల రాలారు.

రాత్రిళ్ళు ఆసుపత్రి ఊడ్చిన వైద్యుడు

సుబ్బారావు వెళ్ళిన అమెరికాలో మాత్రం కాగితానిదే రాజ్యం. 1917లో చేసిన చట్టం ఆసియాలో చాలా భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది. భారతీయులు పనికి రావడానికి వీల్లేదు. విద్యార్థులకు మాత్రం మినహాయింపు. ఆ సందులోంచే సుబ్బారావు లోపలికి వెళ్ళారు. ఆయన వెళ్ళిన నాలుగు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది.

మద్రాసు పట్టా బోస్టన్‌లో కూడు పెట్టలేదు. పగలు హార్వర్డ్‌లో చదువుకుంటూ, రాత్రిళ్ళు ఒక ఆసుపత్రిలో చిల్లర పనులు చేశారు. మూడేళ్ళు తిరిగేసరికి సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించడంలో పాలుపంచుకున్నారు. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళి పరిశోధన బృందాన్ని నడిపించారు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, కేన్సర్ చికిత్సకు బాట వేసిన మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే హెట్రజాన్, అన్నీ ఆ బృందం కృషి ఫలితాలే.

1946 జూలైలో లూస్-సెల్లర్ చట్టం వచ్చి భారతీయులకు పౌరసత్వ అర్హత కల్పించింది. వలసకు కూడా ఒక కోటా ఇచ్చింది: దేశం మొత్తానికి ఏడాదికి 100 మంది. సుబ్బారావుకు అప్పటికి మిగిలింది రెండేళ్ళే. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళకు, పరదేశిగానే కన్నుమూశారు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. ఇక్కడ భార్య ఎదురుచూస్తూనే ఉండిపోయింది.

డాక్టర్లు కావాలి, డాక్టర్లు వద్దు

1965 అక్టోబరు 3న న్యూయార్క్‌లోని స్వాతంత్ర్య దేవత విగ్రహం దగ్గర ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టంపై సంతకం చేశారు. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు కట్టే పాత పద్ధతి పోయింది. వృత్తి నిపుణులకు ప్రాధాన్యం వచ్చింది. ఆ ఏడాదే వృద్ధులకు వైద్య బీమా కల్పించే మెడికేర్ చట్టం కూడా వచ్చింది. రోగులు పెరిగారు, డాక్టర్లు చాలలేదు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ, గుంటూరు, కాకినాడ, కర్నూలు, హైదరాబాద్ కాలేజీల పట్టభద్రులు విదేశీ డాక్టర్లకు పెట్టే ఈసీఎఫ్ఎంజీ పరీక్ష రాసి విమానం ఎక్కారు. స్థానిక డాక్టర్లు వెళ్ళడానికి ఇష్టపడని చిన్న ఊళ్ళలో, పేదల ఆసుపత్రుల్లో చాలామంది పని మొదలుపెట్టారు. 1977లో న్యూయార్క్‌లో జరిగిన ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) తొలి మహాసభల నాటికి అక్కడ స్థిరపడినవాళ్ళలో డాక్టర్లు, ఇంజనీర్లే ముందు వరుసలో ఉన్నారు.

అప్పటికే గాలి మారింది. దేశంలో ఇక వైద్యుల కొరత లేదని 1976లో అమెరికా కాంగ్రెస్ చట్టంలోనే రాసేసింది. విదేశీ డాక్టర్లకు తలుపు ఇరుకైపోయింది. పదేళ్ళ కిందట రమ్మన్నదీ ఆ కాలేజీల పట్టాలనే, ఇప్పుడు చాలన్నదీ ఆ పట్టాలనే. డాక్టర్ల చేతివాసి తగ్గలేదు, అవతలి అవసరం తగ్గింది.

అమీర్‌పేట మెట్లు

తాత్కాలిక ఉద్యోగులకు ‘హెచ్-1’ అనే తరగతి 1952 నుంచే ఉంది. 1990 నవంబరులో వచ్చిన చట్టం దాన్ని విడదీసి హెచ్-1బి చేసింది. ఏడాదికి 65,000 వీసాలు. మూడేళ్ళు, పొడిగిస్తే ఆరేళ్ళు. దరఖాస్తు చేయవలసింది ఉద్యోగి కాదు, కంపెనీ.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే వైటూకే వచ్చింది. పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి చివరి రెండంకెలే ఉన్నాయి. 2000వ సంవత్సరం రాగానే అవి 1900 అనుకుంటాయన్న భయంతో బ్యాంకులు, బీమా కంపెనీలు కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్ళ కోసం వెతికాయి. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల శిక్షణ సంస్థలు పుట్టుకొచ్చాయి. పల్లెటూరి డిగ్రీ కుర్రాళ్ళు హాస్టల్ గదుల్లో నలుగురేసి ఉండి, తెల్లవారుజామున బ్యాచ్‌లకు పరిగెత్తారు. పొలం అమ్మి కొందరు, తాళిబొట్టు తాకట్టు పెట్టి కొందరు పిల్లలకు ఫీజులు కట్టారు. అమెరికా తన అవసరం కొద్దీ వీసాల సంఖ్యను 1,15,000కు, తర్వాత 1,95,000కు పెంచింది. 2000-01లో డాట్‌కామ్ బుడగ పగిలింది. 2004 ఆర్థిక సంవత్సరానికి సంఖ్య మళ్ళీ 65,000కు దిగింది. అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళ కోసం ఆ తర్వాత మరో 20,000 కలిపారు.

ఈ కాలంలోనే కన్సల్టెన్సీ అన్న మాట మన ఇళ్ళలో పాతుకుపోయింది. వీసా పెట్టేది కన్సల్టెన్సీ. పని వేరే కంపెనీలో. వచ్చే జీతంలో దాని శాతం దానికి. ప్రాజెక్టు లేకపోతే గెస్ట్‌హౌస్‌లో ‘బెంచ్’ మీద కూర్చోవాలి. హైదరాబాద్ నుంచి సిడ్నీ దాకా తెలుగు ఐటీ ఉద్యోగుల వెంట తిరిగి ఈ వ్యవస్థను పరిశీలించిన చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ 2007లో దానిపై ఒక పుస్తకమే రాశారు. మేస్త్రీ బయానాకూ కన్సల్టెన్సీ శాతానికీ మధ్య నూరేళ్ళ దూరం ఉంది. రేవు కూలీ కష్టమూ ప్రోగ్రామర్ కష్టమూ ఒకటని నేననను. కానీ పనిచేసేవాడికీ పని ఇచ్చేవాడికీ నడుమ నిలబడి అనుమతిని గుప్పిట్లో పెట్టుకునే మనిషి మాత్రం మనకు పాత పరిచయమే.

ఆరేళ్ళ అనుమతి, అంతులేని వరుస

ఉద్యోగం ఆధారంగా అమెరికా ఏడాదికి ఇచ్చే శాశ్వత నివాస అనుమతులు, అంటే గ్రీన్‌కార్డులు, సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది నియమం. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోకే వస్తారు. చిన్న దేశానికీ భారతదేశానికీ గీత ఒక్కటే కావడంతో మనవాళ్ళ వరుస ఏటికేడాదీ పెరుగుతోంది. 2025లో కూడా ఉన్నత డిగ్రీలున్నవాళ్ళ ఈబీ-2 తరగతిలో భారతీయులకు 2012-13 నాటి దరఖాస్తులే కదిలాయి. గ్రీన్‌కార్డు దరఖాస్తు ముందుకు సాగితే హెచ్-1బి వీసాను ఆరేళ్ళ తర్వాతా పొడిగించుకోవచ్చు. అయితే ఉద్యోగం పోతే మరో కంపెనీ వెతుక్కోవడానికి గడువు 60 రోజులు. తల్లిదండ్రులు వరుసలో ఉండగానే పిల్లలకు ఇరవై ఒకటి నిండితే వాళ్ళు ఆ దరఖాస్తులోంచి జారిపోతారు. 2017లో కాన్సాస్‌లో ఒక తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పుడు, భర్తతోపాటు ఆ దేశంలో ఉండే హక్కును కూడా పోగొట్టుకున్నానని ఆయన భార్య అదే దుఃఖంలో తెలుసుకోవలసి వచ్చింది. ఆ రోజు ఈ కాగితం అసలు రూపం అందరికీ కనిపించింది.

2025 సెప్టెంబరులో ప్రెసిడెంట్ ట్రంప్ ప్రకటన కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. 1917, 1976, 2004 సరసన ఇంకో సంవత్సరం చేరింది.

బయల్దేరేవాళ్ళకు

పోవద్దని చెప్పడానికి ఈ కథంతా చెప్పలేదు. వెళ్ళినవాళ్ళు కుటుంబాలను నిలబెట్టారు, ఊళ్ళకు బడులు కట్టించారు. వెళ్ళే ముందు చరిత్ర తెలిస్తే మోసం తగ్గుతుంది. హెచ్-1బి ఉద్యోగికి బెంచ్ మీద ఉన్న రోజులకూ జీతం ఇవ్వాలని అమెరికా చట్టం 1998 నుంచీ చెబుతోంది. దరఖాస్తు ఖర్చును ఉద్యోగి జీతంలోంచి కోయకూడదనీ చెబుతోంది. ఈ రెండు మాటలు తెలియక నష్టపోయిన పిల్లలు ఎందరో.

తలుపు ఒక్కటే కాదు. జనాభా ముదిరిపోతున్న జర్మనీ 2024 జూన్‌లో పాయింట్ల పద్ధతిపై ‘అవకాశ కార్డు’ తెచ్చింది. అదే ఏడాది భారతీయ నిపుణులకు ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని ప్రకటించింది. నర్సులకూ సాంకేతిక పనివాళ్ళకూ అక్కడ గిరాకీ ఉంది, భాష నేర్చుకుని వెళ్ళాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే. ఏజెంటు చేతిలో డబ్బు పెట్టే ముందు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని పేరు నమోదైందో లేదో చూసుకోవాలి. జర్మనీ తలుపు కూడా వాళ్ళ అవసరం కోసమే తెరిచారని మరవకూడదు. ఏ దేశం వెళ్ళినా, అక్కడ తలుపు మూసుకున్న రోజున కూడా అక్కరకొచ్చే విద్య చేతిలో ఉండాలి.

కోరంగి మనిషి రంగంలో సంపాదించింది కాకినాడలో చదువుల నిధి అయింది. ఆ నిధి భరోసాతో బయల్దేరిన మనిషి బతికున్నన్నాళ్ళూ ఆ దేశానికి పరాయివాడే. ఆయన బృందం తెచ్చిన హెట్రజాన్‌నే మన ఆరోగ్య కార్యకర్తలు డీఈసీ అంటారు. బోదకాలు ఉన్న జిల్లాల్లో గడప గడపకూ వచ్చి, ఆ మాత్రలు ఎదుటే మింగించి వెళతారు. మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ మాత్రను ఒక్క క్షణం అరచేతిలో పెట్టుకుని చూడండి. ఇరవై ఆరేళ్ళు ఇంటికి రాలేకపోయిన మనిషి అలా ఇల్లు చేరారు.